మేడ మీది నాలుగు బ్యాటరీలు

2025 మే నెలలో ఒక రాత్రి పదిన్నరకు చెన్నై మడిపాక్కంలోని మా ఇంట్లో కరెంటు పోయింది. ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఇంటర్నెట్ పెట్టె, ఇంతే లోడు. అంతకు ముందు ఏడాది వరకు ఈ మాత్రం లోడును మా సోలార్ బ్యాటరీలు తెల్లవారేదాకా మోసేవి. ఆ రాత్రి మాత్రం గంట తిరగకుండానే ఇన్వర్టర్ నాలుగుసార్లు కూత పెట్టి ఆగిపోయింది. మా అమ్మ ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో ఉంటాయి కాబట్టి, ఉక్కపోతను ఓర్చుకుని పొద్దున చూద్దాంలే అని పడుకోగలిగిన విషయం కాదది. ఫ్రిజ్ తలుపు తెరవవద్దని ఇంట్లో అందరికీ చెప్పి, టార్చి పట్టుకుని మేడ మీదికి వెళ్ళాను.

అక్కడ మెట్లు ముగిసే చోట, రేకుల కప్పు వేసిన చిన్న గదిలో, 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలు (సీసపు పలకలు, యాసిడ్ ఉండే రకం) నాలుగు ఒకే వరుసలో ఉంటాయి. నాలుగూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిసి 48 వోల్టులు ఇస్తాయి. 2019 వేసవిలో, నగరమంతా నీళ్ళ లారీల కోసం బిందెలు పట్టుకుని నిలబడిన రోజుల్లోనే, మేము 2 కిలోవాట్ల సోలార్ పలకలతో పాటు వీటిని పెట్టించుకున్నాము. బ్యాటరీలకు మేడనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 2015 డిసెంబరు వరదల్లో మా కింది వాటాలోకి నడుము లోతు నీళ్ళు వచ్చి, అప్పటి చిన్న ఇన్వర్టరూ దాని బ్యాటరీ రెండూ మునిగిపోయాయి. ఇకమీదట విద్యుత్తుకు సంబంధించిన ఏ వస్తువునూ నేల మీద పెట్టకూడదని ఆనాడే నిశ్చయించుకున్నాము. ఆ నిశ్చయం 2023 డిసెంబరులో ఫలించింది కూడా. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటబోయే ముందు చెన్నైని ముంచినప్పుడు, మా వీధిలో కరెంటు రోజుల తరబడి లేకపోయినా, ఫ్యాన్లన్నీ ఆపుకుని ఫ్రిజ్‌నూ ఫోన్లనూ ఆ బ్యాటరీలతోనే నెట్టుకొచ్చాము. అందువల్ల అవి ఉన్న చోటు గురించి నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

మరుసటి రోజు వచ్చిన డీలరు మీటరు కూడా బయటికి తీయలేదు. ‘ఆరేళ్ళయింది కదా సార్, నాలుగూ తీసేసి లిథియం పెట్టేద్దాం, గవర్నమెంటు సబ్సిడీ కూడా వస్తుంది’ అన్నాడు. సబ్సిడీ మాట నిజం కాదని ఆ సాయంత్రమే తేల్చుకున్నాను. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆ పైన ఉన్న ఇంటికి ఇచ్చే 78,000 రూపాయలు గ్రిడ్‌కు కలిపే సోలార్ పలకల వ్యవస్థను బట్టి ఇచ్చేవే తప్ప బ్యాటరీకి ఇచ్చేవి కావు. రెండో రోజు వచ్చిన మనిషి దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాత బ్యాటరీలను ‘రీకండిషన్’ చేస్తానని, ఉన్న యాసిడ్ పారబోసి కొత్త యాసిడ్ నింపి, బ్యాటరీకి 1,500 రూపాయల చొప్పున తీసుకుని ఆరు నెలల గ్యారంటీ ఇస్తానని చెప్పాడు. పారబోసేది ఎక్కడ అని అడిగితే వీధి కాలువ వైపు చూపించాడు. సీసం కలిసిన యాసిడ్‌ను పిల్లలు ఆడుకునే వీధిలో వదిలే వ్యాపారానికి నా డబ్బు వెళ్ళకూడదని అక్కడికక్కడే అనుకున్నాను. ఆ కారణాన్ని పక్కన పెట్టి చూసినా ఆ వైద్యం ఎందుకు పని చేయదో తరువాత చెబుతాను.

నెల్లూరులో మా బావకు ఇన్వర్టర్ల దుకాణం ఉంది. అతనికి ఫోన్ చేసి, ఒకరు మార్చమంటున్నారు, ఒకరు బాగుచేస్తామంటున్నారు, ఏం చేయాలని అడిగాను. ‘ముందు గ్రావిటీ చూశావా బావా? నాలుగు బ్యాటరీలకి ఇరవై నాలుగు సెల్లులు. ఇరవై నాలుగూ విడివిడిగా చూసి రాసుకో, అప్పుడు మాట్లాడదాం’ అని పెట్టేశాడు. నిజానికి ఈ విషయంలో నాకు దొరికిన సలహాలన్నిటిలోకీ విలువైనది ఇదే. దీని కోసం పెట్టిన ఖర్చు మాత్రం రిచీ స్ట్రీట్‌లో కొన్న మల్టీమీటరు, వీధి చివర బ్యాటరీ షాపులో కొన్న హైడ్రోమీటరు.

మా ట్యూబులర్ల వంటి ఫ్లడెడ్ (లోపల యాసిడ్ ద్రవంగా ఉండే) లెడ్ యాసిడ్ బ్యాటరీలో యాసిడ్ సాంద్రతే ఛార్జిని చెబుతుంది. బావ గ్రావిటీ అన్నదీ, హైడ్రోమీటరు కొలిచేదీ దీన్నే. ఛార్జి ఖాళీ అయ్యే కొద్దీ యాసిడ్‌లోని సల్ఫేటు బ్యాటరీ లోపలి సీసపు పలకల మీదికి చేరి, మిగిలిన ద్రవం నీళ్ళకు దగ్గరవుతుంది. తిరిగి ఛార్జి చేసినప్పుడు ఆ సల్ఫేటు పలకలను వదిలి ద్రవంలోకి వస్తుంది. మన దేశపు ట్యూబులర్ బ్యాటరీలు నిండినప్పుడు, నీళ్ళను 1 అనుకుంటే, సాంద్రత 1.240 దగ్గర ఉంటుంది. దానికి 0.84 కలిపితే ఒక్కో సెల్లు వోల్టేజి దాదాపుగా వస్తుంది కాబట్టి, ఆరు సెల్లుల బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.5 వోల్టులు చూపిస్తే అది నిండినట్టే. నేను మొదట ఎక్కడో చదివిన 12.7 అనే అంకెను పట్టుకుని, నాలుగూ ఎప్పుడూ నిండడం లేదని ఒక పూటంతా కంగారు పడ్డాను. ఆ అంకె కొంచెం గాఢమైన యాసిడ్ వాడే కారు బ్యాటరీలది.

రాసుకున్న పట్టికలో మూడు బ్యాటరీల సెల్లులన్నీ 1.190 నుంచి 1.215 మధ్య ఉన్నాయి. అంత బాగా లేవు గానీ, ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. పడమటి గోడ పక్కనున్న నాలుగో బ్యాటరీలో నాలుగు సెల్లులు 1.210 దగ్గర, ఒకటి 1.150 దగ్గర, మరొకటి 1.090 దగ్గర నిలిచాయి. ఆ బ్యాటరీ మొత్తం మీద 10.4 వోల్టులు చూపించింది. ఒక సెల్లు లోపల షార్ట్ అయ్యి, లెక్కలోంచి దాదాపు పూర్తిగా తప్పుకుందన్నమాట. ఆ రెండు చెడ్డ సెల్లుల మూతలు తీసి చూస్తే నీళ్ళు పలకల పై అంచు కంటే కిందికి దిగిపోయి, గాలి తగిలిన భాగం తెల్లగా పూత పట్టినట్టు కనిపించింది.

సిరీస్‌లో ఉన్న నాలుగింటిలో ఒకటి చెడితే ఏమవుతుందో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘చెడ్డదాన్ని ఒక్కదాన్నే మార్చేస్తే పోదా’ అనే ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది. మా ఇన్వర్టర్ నాలుగు బ్యాటరీల మొత్తం వోల్టేజినే చూస్తుంది. ఒక్కోదాని సంగతి దానికి తెలియదు. మొత్తం 42 వోల్టులకు దిగగానే అది ఆగిపోతుంది. లోడు పడినప్పుడు మంచి బ్యాటరీలు మూడూ తలా 12 వోల్టుల దగ్గర నిలబడి ఉన్నా, నాలుగోది 6 వోల్టులకు జారిపోతే మొత్తం 42 అయిపోతుంది, మంచి బ్యాటరీలలో సగానికి పైగా ఛార్జి మిగిలి ఉండగానే ఇల్లు చీకటవుతుంది. ఛార్జి చేసేటప్పుడు జరిగేది ఇంతకంటే అన్యాయం. ఛార్జర్ 57.6 వోల్టులను 24 సెల్లులకు పంచుతున్నానని అనుకుంటుంది, ఒక్కోదానికి 2.4. ఒక సెల్లు షార్ట్ అయ్యాక ఆ 57.6 మిగిలిన 23 సెల్లుల మీదే పడి, ఒక్కోదానికి 2.5 అవుతుంది. రోజూ ఆ కొంచెం ఎక్కువ వోల్టేజి వల్ల మంచి సెల్లులు కూడా బుసబుసమని పొంగి నీళ్ళు కోల్పోతాయి. మార్చి నుంచి నేను డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు మామూలు కంటే రెండింతలు కొన్నానని అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలం కదా అని సరిపెట్టుకున్నాను.

ఇక కొత్త యాసిడ్ వైద్యం సంగతి. చాలా రోజులు సరిగా ఛార్జి కాకుండా ఉండిపోయిన పలకల మీద సల్ఫేటు గట్టి పలుకులుగా పేరుకుని, మామూలు ఛార్జింగుతో కరగని స్థితికి వస్తుంది. ద్రవంలో సాంద్రత తక్కువగా కనిపించేది అందుకే. యాసిడ్ ఎక్కడికీ పోలేదు, పలకల్లో చిక్కుకుంది. అటువంటప్పుడు బయటి నుంచి కొత్త యాసిడ్ పోస్తే హైడ్రోమీటరులో అంకె ముచ్చటగా పైకి వస్తుంది గానీ, పలకల్లో చచ్చిపోయిన భాగం చచ్చిపోయినట్టే ఉంటుంది. పైగా గాఢమైన యాసిడ్ మిగిలిన పలకలను మరింత వేగంగా తింటుంది. ఆరు నెలల గ్యారంటీ బహుశా ఆరు నెలలకు సరిపోయేదే. ఈ బ్యాటరీకి నిజంగా చేయదగిన వైద్యం ఒక్కటే: డిస్టిల్డ్ వాటర్ సరిగా నింపి, మామూలు కంటే ఎక్కువ వోల్టేజి వద్ద తక్కువ కరెంటుతో, చాలా గంటలు, సాంద్రత పెరగడం ఆగిపోయేదాకా ఛార్జి చేయడం. దీన్ని ఈక్వలైజింగ్ అంటారు. పోయిన సామర్థ్యంలో కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. షార్ట్ అయిన సెల్లుకు మాత్రం ఇదీ పని చేయదు.

ఇది చేసి చూడాలనే అనుకున్నాను. అద్దెకు తెచ్చిన ఛార్జరుతో ఒక్కో బ్యాటరీని విడదీసి, గది తలుపూ కిటికీ తెరిచి ఉంచి, ఒక్కోదానికి ఒక రోజు చొప్పున కేటాయించాను. ఈ పనిలో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దగ్గరలో అగ్గిపుల్ల కూడా గీయకూడదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా మూతలు తీయకూడదు. మూడు రోజుల తరువాత మూడు బ్యాటరీల సెల్లులు 1.225 నుంచి 1.235 వరకు వచ్చాయి. నాకు చాలా సంతోషమైంది. ఆ సంతోషంలోనే నాలుగోదాని స్థానంలో ఒక్క కొత్త బ్యాటరీ తెచ్చి పెడితే 17,000 రూపాయలతో వ్యవహారం ముగుస్తుందని ఇంట్లో ప్రకటించాను కూడా.

బావ ఒప్పుకోలేదు. గ్రావిటీ నిండిందంటే ఉన్న పాత్ర నిండిందని అర్థం గానీ, పాత్ర ఎంత పెద్దదో దానివల్ల తెలియదని చెప్పాడు. మాట సూటిగా తగిలింది. పాత్ర కొలవాలంటే తెలిసిన లోడు పెట్టి, బ్యాటరీ 10.8 వోల్టులకు దిగేదాకా ఎంతసేపు పడుతుందో చూడాలి. సోలార్ బ్యాటరీల మీద రాసే ఆంపియర్ అవర్లు సాధారణంగా పది గంటల లెక్కవి. అంటే కొత్తగా ఉన్నప్పుడు 15 ఆంపియర్లు తీస్తే పది గంటలు రావాలి. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీల మీద ఇరవై గంటల లెక్క ఉంటుంది కాబట్టి, రెండు రకాల మీదా 150 అనే రాసి ఉన్నా ఆ రెండు 150లూ ఒకటి కావు. కొనేవాళ్ళు ఈ తేడా అడగాలి. నేను పుదుపేటలో పాత బండి సామాన్ల దుకాణాల మధ్య తిరిగి, 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులు మూడు కొని, ఒక చెక్క మీద బిగించాను. మూడూ కలిసి దాదాపు 14 ఆంపియర్లు తాగుతాయి. ఆ వెలుతురు చూసి మేడ మీద సినిమా షూటింగా అని ఎదురింటి వాళ్ళు అడిగారు.

మొదటి బ్యాటరీ 7 గంటల 10 నిమిషాలు, రెండోది 6 గంటల 50 నిమిషాలు వెలిగించాయి. మూడోది 5 గంటల 20 నిమిషాలకే 10.8కి దిగింది. అంటే వరుసగా 100, 96, 75 ఆంపియర్ అవర్లు. 150లో ఇవి 67, 64, 50 శాతాలు. నాలుగోది విశ్రాంతిగా ఉన్నప్పుడే ఆ గీత కింద ఉన్నందున దానికి పరీక్షే అవసరం లేకపోయింది. రాసిన సామర్థ్యంలో 80 శాతం కంటే తగ్గిన బ్యాటరీకి ఆయుష్షు తీరినట్టేనని ఈ రంగంలో సాధారణంగా ఎంచుతారు. 80 దాటినవి రెండో మూడో ఉంటే ఒక్కదాన్ని మార్చడంలో అర్థముండేది. సగానికి పడిపోయిన బ్యాటరీ పక్కన కొత్తది పెడితే, సిరీస్‌లో ఒకే కరెంటు అన్నిటిలోనూ పారుతుంది కాబట్టి, కొత్తది సగం కూడా వాడబడకముందే పాతది చేతులెత్తేస్తుంది. పాతదాన్ని నింపే ప్రయత్నంలో కొత్తది అవసరానికి మించి ఛార్జి అవుతుంది. ఒక్కదాన్నే మార్చాలనుకునే వాళ్ళు అదే కంపెనీ, అదే మోడలు, దాదాపు అదే వయసు ఉన్న వాడిన బ్యాటరీ దొరికితే పెట్టుకోవచ్చు, అదీ వరుస మొత్తానికి ఇంకా రెండేళ్ళ బతుకు ఉంటేనే. మా వరుసకు అంత బతుకు లేదు. 60 నెలల వారంటీ కూడా ముందు ఏడాదే ముగిసింది.

ఇక మిగిలింది ఏది కొనాలన్న ప్రశ్నే అని నేను ధరల పట్టిక వేస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి ఆ పట్టిక చూసి, ‘కొత్తవి తెచ్చి మళ్ళీ ఆ రేకుల గదిలోనే పెడతారా?’ అని అడిగింది. ఎందుకు పెట్టకూడదో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎందుకు పెట్టాలో చెప్పడానికి 2015 నాటి వరద ఒక్కటే ఉంది. మరునాడు మధ్యాహ్నం మూడు గంటలకు థర్మామీటరు తీసుకుని పైకి వెళితే, గదిలో గాలి 46 డిగ్రీలు, పడమటి గోడ పక్కనున్న నాలుగో బ్యాటరీ ఒంటి మీద 49 డిగ్రీలు చూపించింది. తలుపు వైపున్న మొదటి బ్యాటరీ మీద 43. సామర్థ్యాల వరుసా వేడి వరుసా ఒకటే: చల్లగా ఉన్నది ఎక్కువ మిగిలింది, వేడిగా ఉన్నది చచ్చిపోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అక్కడి నుంచి ప్రతి 8 నుంచి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఎప్పటినుంచో వాడుకలో ఉన్న లెక్క. ఆ లెక్కన మా బ్యాటరీలు ఆరేళ్ళు నిలవడమే గొప్ప; ఏడాదిలో మిగిలిన నెలలూ రాత్రుళ్ళూ కొంత కాపాడి ఉంటాయి. దానికి తోడు 2024 వేసవిలో పెళ్ళిళ్ళకని నెల్లూరు వెళ్ళి ఆరు వారాలు ఉండిపోయినప్పుడు నీళ్ళు చూసే నాథుడు లేడు. పలకలు గాలికి బయటపడింది అప్పుడేనని నా అనుమానం. డీలరును ఎంత తిట్టుకున్నా, ఈ హత్యలో ఎక్కువ వాటా రేకుల కప్పుదీ, నాదీ.

ఆ విధంగా నా ప్రశ్న మారిపోయింది. కింద పెడితే వరద, పైన పెడితే ఎండ. మధ్యలో ఉన్నది మొదటి అంతస్తు మెట్ల మలుపు. అక్కడ అదే రోజు అదే వేళకు 35 డిగ్రీలే ఉంది. కానీ అది పడకగదికి ఆనుకుని, గాలి అంతగా ఆడని చోటు. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజనూ యాసిడ్ ఆవిరీ వదిలే బ్యాటరీలను, అందులోనూ ఒక్కోటి 50 కిలోలు దాటేవి నాలుగింటిని, అమ్మ రోజూ నడిచే మెట్ల పక్కన పెట్టడం నాకు సమ్మతం కాలేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ మూసి ఉన్న పెట్టె. మామూలుగా వాడినప్పుడు ఏ వాయువూ వదలదు, నీళ్ళు అడగదు, 50 కిలోల లోపే ఉంటుంది, గోడకు తగిలించవచ్చు. దానికి కూడా వేడి పడదు. రేకుల గదిలో పెడితే అదీ తొందరగా ముసలిదవుతుంది, 50 డిగ్రీల చుట్టుపక్కల దాని రక్షణ సర్క్యూటు ఛార్జింగునే ఆపేస్తుంది. కాబట్టి డీలరు చెప్పినట్టు పాత చోటే లిథియం పెట్టేసి ఉంటే, డబ్బు రెట్టింపు పోసి అదే తప్పు మళ్ళీ చేసినట్టయ్యేది.

ధరల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒక దశలో నా మనసు బాగా ఊగింది. జూన్‌లో నాకు చెప్పిన ధరల ప్రకారం నాలుగు కొత్త ట్యూబులర్లకు 68,000, పాతవాటికి 10,000 తగ్గించి 58,000 రూపాయలు. 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు ఉన్న లిథియం పెట్టెకు 1,15,000. నేను తేల్చుకోకుండా నాన్చుతూ ఉండగానే సెప్టెంబరు 22 వచ్చి, లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. లిథియం మీద ముందు నుంచీ 18 శాతమే కాబట్టి దాని ధర మారలేదు. ట్యూబులర్ల లెక్క 53,000 దగ్గరికి వచ్చి, లిథియం ధర దానికి రెట్టింపు దాటింది.

ఇక్కడ అందరూ చేసే లెక్క సైకిళ్ళ లెక్క, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు ఖాళీ అయి తిరిగి నిండగలదన్న లెక్క. నాలుగు ట్యూబులర్లలో ఉండేది 7.2 యూనిట్లు, సగం కంటే ఎక్కువ వాడకూడదు కాబట్టి చేతికొచ్చేది 3.6. లిథియంలో 5.12 యూనిట్లు, 80 శాతం వాడినా 4.1. మంచి ట్యూబులరు కంటే లిథియం చాలా ఎక్కువసార్లు, 80 శాతం లోతులో 3,000కు పైగా, వస్తుందని తయారీదారులు చెబుతారు. ఇంత చూస్తే లిథియమే చవక. కానీ ఈ లెక్క బ్యాటరీని రోజూ ఖాళీ చేసి నింపే ఇంటికే చెల్లుతుంది. కరెంటు పోయినప్పుడు మాత్రమే బ్యాటరీని వాడే ఇంట్లో ఏడాదికి ముప్పై సైకిళ్ళు కూడా అవవు. అక్కడ బ్యాటరీ అరిగిపోయి చావదు, వయసు మీరి చస్తుంది. అటువంటి ఇంటివారు, గాలి ఆడే చల్లని చోటు ఉంటే, ట్యూబులర్లే కొనుక్కోవడం నా ఉద్దేశంలో తెలివైన పని. పదిహేనేళ్ళ ఆయుష్షు అనే మాట విని అదనంగా 60,000 పోయనక్కర లేదు.

మాది ఆ రకం ఇల్లు కాదని బిల్లులు తీసి చూశాక తేలింది. ఇక్కడ అందరూ ఈబీ అనే పిలిచే కరెంటు సంస్థ రెండు నెలలకొకసారి బిల్లు వేస్తుంది. 2025లో మొదటి 100 యూనిట్లు ఉచితం. అయితే మొత్తం 500 దాటితే, పైన దాటిన యూనిట్లకే కాక 101 నుంచి 200 వరకు ఉన్న కింది అంచెకు కూడా రేటు పెరిగిపోయేది. మా వాడకం వేసవిలో 560 దగ్గర తిరుగుతుంది. రాత్రి పూట బ్యాటరీ నుంచి రోజుకు 2 యూనిట్లు తీసుకుంటే రెండు నెలలకు 120 తగ్గి, 440 దగ్గర ఆగుతాము. అంటే మా బ్యాటరీ ప్రతి రాత్రీ పని చేయాలి. అప్పుడు పోసిన కరెంటులో ఎంత తిరిగి వస్తుందన్నది కూడా లెక్కకొస్తుంది. లెడ్ యాసిడ్‌లో దాదాపు ఐదో వంతు దారిలోనే పోతుంది, లిథియంలో పోయేది అందులో సగం కంటే తక్కువ. ఇన్వర్టర్ తన కోసమే ఎప్పుడూ 40 వాట్లు తింటుందని, అది రోజుకు దాదాపు ఒక యూనిట్ అని కూడా ఈ లెక్కల్లోనే బయటపడింది. దాని మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

అలా లిథియమే అని నిశ్చయించుకున్నాక, కొనబోయే పెట్టె గురించి నేను అడిగిన ప్రశ్నలు అమ్మేవాళ్ళకు విసుగు తెప్పించాయి. లిథియం పెట్టెలో 3.2 వోల్టుల సెల్లులు పదహారు ఉంటాయి, వాటి మీద బీఎంఎస్ అనే కాపలా సర్క్యూటు ఉంటుంది. పెట్టె ఉన్నట్టుండి మూగబోతే చాలాసార్లు సెల్లులు బాగానే ఉండి బీఎంఎస్సే పోయి ఉంటుంది, లేదా ఒక్క సెల్లు మిగిలినవాటి కంటే వెనకబడినందున బీఎంఎస్ మొత్తాన్ని ఆపి ఉంటుంది. మొదటిదైతే సర్క్యూటు మార్చాలి, రెండోదైతే ఆ సెల్లును విడిగా 3.65 వోల్టుల దాకా నింపి మిగిలినవాటితో సమం చేయాలి. సెల్లు ఉబ్బితే మాత్రం దానితో ఆటలాడకూడదు. అంటే లెడ్ యాసిడ్ కంటే దీన్నే నిజంగా బాగుచేయవచ్చు, పెట్టె విప్పేందుకు వీలుగా కట్టి ఉంటే. అందుకే సెల్లులు బోల్టులతో బిగించినవా, వెల్డింగ్ చేసినవా, బీఎంఎస్ విడిగా దొరుకుతుందా, దొరికితే ఎవరు వచ్చి మారుస్తారు అని అడిగాను. ముగ్గురిలో ఇద్దరు ‘వారంటీ ఉంది కదా సార్’ అన్నారు. మూడో అతను చిత్తూరు వాడు, మూత విప్పి బోల్టులు చూపించాడు. అతని దగ్గరే కొన్నాను. అతను చెప్పిన ధర మిగిలిన ఇద్దరి కంటే 4,000 ఎక్కువ.

పాత ఇన్వర్టర్ మార్చలేదు. దానికి బీఎంఎస్‌తో మాట్లాడే తీగ పెట్టుకునే చోటు లేదు గానీ, వోల్టేజిలను మన చేత్తో నిర్ణయించే సెట్టింగ్ ఉంది. ఛార్జింగ్ 56.4 దగ్గర ఆపి, ఈక్వలైజింగ్‌ను పూర్తిగా కట్టేశాము. పాత ఇన్వర్టరుకు లిథియం తగిలించేవారు ఈ చివరి మాట మరిచిపోకూడదు. ట్యూబులరుకు నెలకొకసారి మందు లాంటి ఆ ఎక్కువ వోల్టేజి లిథియంకు సరిపడదు, బీఎంఎస్ దాన్ని చూసి బ్యాటరీనే తెంపేస్తుంది. మెట్ల మలుపు దాకా కొత్త కేబుళ్ళు, ఫ్యూజు, స్విచ్చు వేయడానికి మరో 7,000 అయ్యింది.

చెడిన రెండు బ్యాటరీలను కొత్తది అమ్మిన అతనే తూకం వేసుకుని, రసీదు ఇచ్చి తీసుకెళ్ళాడు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సేకరణ కేంద్రానికో రీసైక్లింగ్ చేసేవారికో చేరేలా చూడవలసిన బాధ్యత వాడుకదారుడి మీద కూడా ఉంది. తోపుడు బండి అతను కిలోకు ఎక్కువే ఇస్తానన్నా, ఎక్కడ పగలగొడతాడో తెలియదు కనుక ఇవ్వలేదు. మిగిలిన రెండింటిలో బాగున్నది, అంటే 100 ఆంపియర్ అవర్లది, ఎదుటి ఖాళీ స్థలంలో కడుతున్న ఇంటికి కాపలా ఉంటున్న ఉదయగిరి దంపతుల పాకకు వెళ్ళింది. ఒక చిన్న సోలార్ పలక, 12 వోల్టుల బల్బు, ఫ్యాను. నీళ్ళు ఎప్పుడు పోయాలో ఆమెకు చూపించి, పిల్లలకు అందకుండా ఇటుకల మధ్య పెట్టి వచ్చాను. రెండోది ప్రస్తుతానికి మా గ్యారేజీలో ఉంది. దాన్ని ఏం చేయాలో ఇంకా అనుకోలేదు.

ఈశాన్య రుతుపవనాల తొలి వానల్లో ఒక రాత్రి తొమ్మిది గంటల సేపు కరెంటు లేదు. ఉదయం ఆరున్నరకు మెట్ల మలుపులో నిలబడి చూస్తే 57 శాతం మిగిలి ఉంది. పదహారు సెల్లులలో అన్నిటికంటే ఎక్కువకూ అన్నిటికంటే తక్కువకూ మధ్య తేడా 9 మిల్లీవోల్టులు. థర్మామీటరును అక్కడే మేకుకు తగిలించాను, మే నెలలో మధ్యాహ్నం మూడింటి అంకెలు రాసుకోవాలి. మేడ మీది రేకుల గది ఖాళీ అయ్యింది గానీ ఎక్కువ కాలం ఖాళీగా ఉండలేదు. మా ఆవిడ అందులో వడియాలు ఎండబెట్టే చాపలు సర్దింది.